ఫోల్డర్ విండోల అమరిక: విండోస్‌కే వదిలేద్దామా, అన్నిటికీ ఒకే వ్యూ పెడదామా, వేరే ప్రోగ్రామ్‌కు మారదామా?

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గరి జిరాక్స్ షాపులైనా, మిర్యాలగూడ రైస్ మిల్లు ఆఫీసులైనా, మహబూబ్‌నగర్ ఫొటో స్టూడియోలైనా, కంప్యూటర్ చూడటానికి పోతే నాకు వినిపించే మాట ఒకటే: "అన్నా, నిన్న నేను పెట్టినట్టు ఇయ్యాల లేదే!" కొత్త ఫైలు పైన కనపడేలా వరుసగా పెట్టుకున్న ఫోల్డర్, తెల్లారి పెద్ద పెద్ద బొమ్మలతో తెరుచుకుంటుంది. స్క్రీన్‌లో ఎడమ సగానికి సర్దుకున్న విండో ఎక్కడో మధ్యలో ప్రత్యక్షమవుతుంది. అడ్మిషన్ల టైంలో కౌంటర్ ముందు లైన్ కట్టిన పిల్లలకు ఆదాయ సర్టిఫికెట్ తీసిచ్చే మనిషికి ఇది చిన్న విషయం కాదు. ప్రతి ఫైలు దగ్గరా కళ్లతో మళ్లీ వెతుక్కోవాలి.

దీనికి దారులు చాలానే ఉన్నాయి. వాటిలో ఏది మేలో తేలాలంటే, మనం గుర్తుపెట్టుకోమంటున్నది ఏమిటో ముందు విడదీసి చూడాలి. ఒకటి ఫోల్డర్ లోపలి వ్యూ: డీటెయిల్సా, ఐకాన్లా, ఏ కాలమ్‌లు, ఏ వరుస. రెండోది విండో స్క్రీన్ మీద ఎక్కడ, ఎంత సైజులో తెరుచుకోవాలన్నది. మొదటిదాన్ని విండోస్ ఇప్పటికీ ఫోల్డర్ వారీగా గుర్తుపెట్టుకుంటుంది. రెండోదాన్ని విండోస్ 95, ఎక్స్‌పీ రోజుల్లో ఫోల్డర్ ఫోల్డర్‌కూ గుర్తుపెట్టుకునేది, విండోస్ 7 నుంచి మానేసింది. చివర మూసిన విండో ఏ సైజులో ఉందో, తరువాత తెరిచేది ఏ ఫోల్డరైనా అదే సైజులో వస్తుంది. చాలామంది ఈ రెండోదాని కోసం సెట్టింగ్‌లన్నీ గాలిస్తుంటారు. విండోస్‌లో అది లేదు కాబట్టి దొరకదు.

విండోస్‌కే వదిలేస్తే

ఏదైనా ఫోల్డర్ తెరిచి వ్యూ మార్చి మూసేస్తే, ఆ సంగతి విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో బ్యాగ్స్ అనే చోట రాసుకుంటుంది. ఇలా గుర్తుపెట్టుకునే ఫోల్డర్లకు ఒక హద్దు ఉంది. ఎక్స్‌పీలో మొదట 400, విస్టా నుంచి 5000. హద్దు దాటితే పాతవి పోతాయి. ఇంట్లో వాడే కంప్యూటర్‌కు 5000 ఎక్కువే. గిరాకీకో ఫోల్డర్ చేసే షాపుకు మాత్రం అది పెద్ద లెక్క కాదు. ఊరి పేరుతో ఒక ఫోల్డర్, అందులో మనిషి పేరుతో ఇంకోటి, దాంట్లో ఆధార్, పాస్‌బుక్, ఫొటోలు వేరువేరుగా పెట్టుకుంటూ పోతే రెండు మూడేళ్లలో ఆ హద్దు దగ్గరికి వచ్చేస్తారు. రిజిస్ట్రీలో బ్యాగ్‌ఎంఆర్‌యూ సైజ్ అనే విలువ పెంచుకోవచ్చు. కానీ అసలు తిప్పలు హద్దు దగ్గర లేవు.

తిప్పలు రెండు చోట్ల ఉన్నాయి. మొదటిది, ఈ జ్ఞాపకం ఫోల్డర్‌తో కాక, అది ఉన్న దారితో ముడిపడి ఉంటుంది. "తిప్పర్తి" అనే ఫోల్డర్‌ను "తిప్పర్తి మండలం" అని మార్చారంటే విండోస్ దృష్టిలో అది కొత్త ఫోల్డర్. ఇంకో డ్రైవ్‌కు జరిపినా అంతే. పెన్‌డ్రైవ్ సంగతి ఇంకా కష్టం. ఇవాళ ఎఫ్ డ్రైవ్‌గా, రేపు జీ డ్రైవ్‌గా వస్తే పెట్టిన వ్యూ దొరకదు.

రెండోది విండోస్ ఊహ. ప్రతి ఫోల్డర్‌నూ అయిదు రకాల్లో ఒకటిగా లెక్కవేస్తుంది: జనరల్ ఐటమ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్. ఏ రకమో మీరు చెప్పకపోతే లోపలి ఫైళ్లు చూసి తానే అనుకుంటుంది. కట్టంగూర్ నుంచి ఒకాయన వచ్చాడనుకోండి. ఆయన పేరుతో ఫోల్డర్ చేసి, ఆధార్, పాస్‌బుక్, పాస్‌పోర్ట్ ఫొటో స్కాన్ చేస్తే అన్నీ జేపెగ్ ఫైళ్లే. విండోస్ దాన్ని పిక్చర్స్ అనుకుని బొమ్మలుగా చూపిస్తుంది. వెనకాలే నకిరేకల్ నుంచి వచ్చినామెవి పీడీఎఫ్ ఫైళ్లయితే ఆ ఫోల్డర్ ఇంకో తీరుగా తెరుచుకుంటుంది. షాపులో చేసే పని ఒకటే, ఫోల్డర్లు మాత్రం రెండు తీర్లు. వేల ఫైళ్లున్న ఫోల్డర్ పిక్చర్స్ రకంలో పడితే తెరుచుకోవడమే నిదానమైపోతుంది. పైన ఆకుపచ్చ గీత మెల్లమెల్లగా పాకుతుంటే "సిస్టమ్ స్లో అయింది, ర్యామ్ వేయాల్నా?" అని అడుగుతారు. ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో కస్టమైజ్‌కు పోయి జనరల్ ఐటమ్స్ అని మారిస్తే చాలాసార్లు అక్కడికక్కడే వేగం వస్తుంది. ర్యామ్ కొనేముందు ఇది చేసి చూడండి.

అందుకే కొత్త ఫోల్డర్లు రోజూ పుట్టే చోట, విండోస్ జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దన్నది నా అభిప్రాయం. అది ఒకసారి తెరిచి సరిచేసిన ఫోల్డర్‌కే పనికొస్తుంది. షాపులో ఫోల్డర్లు ఎక్కువగా మొదటిసారి తెరిచేవే.

అన్నిటికీ ఒకే వ్యూ పెడితే

షాపులకు నేను చెప్పేది ఈ దారే. ఏ ఫోల్డర్ తెరిచినా డీటెయిల్స్ వ్యూ, పేరు, మార్చిన తేదీ, రకం, సైజు అనే నాలుగు కాలమ్‌లు, కొత్తది పైన. ఒకే కంప్యూటర్ మీద పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు కూర్చునే చోట దీని విలువ తెలుస్తుంది. కొత్తగా చేరిన పిల్లవాడికి "పైన ఉన్నదే ఇప్పుడు చేసింది" అన్న ఒక్క మాట చెబితే సరిపోతుంది.

దీన్ని చేతితో చేసుకోవచ్చు. గిరాకీల ఫోల్డర్లన్నీ పెట్టే పెద్ద ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ తెరిచి, జనరల్ ఐటమ్స్ ఎంచుకుని, కింద సబ్‌ఫోల్డర్లకు కూడా వర్తింపజేయమనే టిక్ పెట్టండి. ఆ ఫోల్డర్ తెరిచి వ్యూ మీకు నచ్చినట్టు సర్దండి. ఆ తరువాత ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కు పోయి అప్లై టు ఫోల్డర్స్ నొక్కండి. విండోస్ 11లో ఆప్షన్స్ పైన ఉన్న మూడు చుక్కల వెనక ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. అప్లై టు ఫోల్డర్స్ అన్ని ఫోల్డర్లకూ వర్తించదు. ఇప్పుడు తెరిచి ఉన్న ఫోల్డర్ ఏ రకమో ఆ రకానికే వర్తిస్తుంది. జనరల్ ఫోల్డర్‌లో నొక్కితే పిక్చర్స్ ఫోల్డర్లు పాతతీరుగానే ఉంటాయి. "నొక్కినా పని చేయట్లేదు" అనే వాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. రకానికొక ఫోల్డర్ తెరిచి మళ్లీ మళ్లీ నొక్కాలి, లేదంటే విండోస్ ఊహించడాన్నే ఆపేయాలి. రిజిస్ట్రీలో ఆల్‌ఫోల్డర్స్ కింద ఫోల్డర్‌టైప్ అనే విలువకు నాట్‌స్పెసిఫైడ్ అని రాస్తే అది ఊహించడం మానేసి అన్నిటినీ జనరల్‌గానే చూస్తుంది.

రిజిస్ట్రీలో చేయి పెట్టడానికి టెన్షన్ పడేవాళ్లకు విన్‌సెట్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాని సోర్స్ కోడ్ కూడా ఎవరైనా చూసుకోవచ్చు. ఏ వ్యూ, ఏ కాలమ్‌లు, ఏ వరుస, గ్రూపింగ్ ఉండాలా వద్దా అన్నవన్నీ ఒకే తెరలో టిక్ పెట్టుకుంటే, వెనక రిజిస్ట్రీ పని అదే చేస్తుంది, ముందు బ్యాకప్ తీసుకుని మరీ. అన్ని ఫోల్డర్లనూ జనరల్ చేసే టిక్ కూడా అందులోనే ఉంది. చేతితో చేసే దారికీ దీనికీ పోటీ పెడితే నా ఓటు దీనికే. చేతితో చేస్తే ఏదో ఒక రకం మరిచిపోతాం. ఇది పాత జ్ఞాపకాలన్నీ తుడిచి మొదటినుంచి రాస్తుంది. కాబట్టి ఇష్టంగా ఫోల్డర్ ఫోల్డర్‌కూ సర్దుకున్నవాళ్లు దీన్ని నడిపేముందు ఆలోచించుకోవాలి. నడిపినప్పుడు ఎక్స్‌ప్లోరర్, అంటే ఫోల్డర్లు చూపించే విండోస్ ప్రోగ్రామ్, మూసుకుని మళ్లీ తెరుచుకుంటుంది, భయపడొద్దు.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను మాత్రం ఈ లెక్కలో కలపను. విండోస్ 10లో 2019 నాటి అప్‌డేట్ నుంచి అది "ఈరోజు, నిన్న, గత వారం" అని గుంపులుగా చూపిస్తోంది. చాలామందికి అది చిరాకు. ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి గ్రూప్ బైలో నన్ ఎంచుకుంటే పోతుంది. కానీ సర్టిఫికెట్లు దించి ప్రింట్ ఇచ్చే షాపులో ఆ గుంపులు ఉంచడమే మేలు. ఇప్పుడే దించిన కాగితం "ఈరోజు" కింద ఉంటుంది, పాతవాటితో కలవదు.

విండో చోటు సంగతి

వ్యూ కుదిరాక మిగిలేది విండో ఎక్కడ తెరుచుకోవాలన్నది. మిల్లు ఆఫీసులో గుమస్తాకు ఇది నిజంగా కావాలి. ఎడమ పక్క లారీ చిట్టీల స్కాన్లు, కుడి పక్క ఎక్సెల్. పొద్దున కంప్యూటర్ పెట్టగానే అలాగే రావాలని అడుగుతాడు.

ఆప్షన్స్‌లో లాగాన్ అయినప్పుడు పాత ఫోల్డర్ విండోలు మళ్లీ తెరవమనే టిక్ ఉంది. షట్‌డౌన్ చేసేటప్పుడు తెరిచి ఉన్న ఫోల్డర్లు మళ్లీ తెరుచుకుంటాయి. దీనితో సగం పని అవుతుంది. మిగతా సగానికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని ఫ్యాన్సీజోన్స్ వాడొచ్చు. స్క్రీన్‌ను మీకు నచ్చిన గళ్లుగా విడదీసి, షిఫ్ట్ నొక్కి విండోను గడిలోకి లాగితే అక్కడ ఒదిగిపోతుంది. కొత్త విండో చివరిసారి ఉన్న గడిలోకే పోవాలనే సెట్టింగ్ కూడా ఉంది. అయితే ఆ గుర్తు ప్రోగ్రామ్‌కే గానీ ఫోల్డర్‌కు కాదు. ఏ ఫోల్డర్ తెరిచినా ఒకే గడిలోకి పోతుంది. ఒకే ఫోల్డర్‌తో పని చేసే గుమస్తాకు అది చాలు. నాలుగు ఫోల్డర్లు నాలుగు మూలలా కావాలనేవాళ్లకు చాలదు. అంత అక్కర లేనివాళ్లు విండోస్ కీ, ఎడమ బాణం కలిపి నొక్కడం నేర్చుకుంటే క్షణంలో పని అయిపోతుంది.

వేరే ప్రోగ్రామ్‌కు మారితే

ఫోల్డర్‌కో తీరు, విండోకో చోటు, రెండూ కావాలంటే డైరెక్టరీ ఓపస్‌ను మించినది విండోస్‌లో నేను చూడలేదు. 1990లో అమిగా కంప్యూటర్ల మీద పుట్టి ఇప్పటికీ నడుస్తున్న ప్రోగ్రామ్ అది. ఏ ఫోల్డర్‌కు ఏ వ్యూ అన్నది మీరే నియమంగా రాసిపెట్టొచ్చు. విండోస్ ఊహతో పని లేదు. విండోలు ఎలా ఉన్నాయో అలాగే ఒక లేఅవుట్‌గా పేరు పెట్టి దాచుకుని, ఒక్క క్లిక్‌తో అన్నిటినీ వాటి చోట్లలో తెరవొచ్చు. పెండ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోకు ఇది సరిగ్గా సరిపోతుంది. కెమెరా కార్డు ఒక విండోలో, ఎంపిక చేసిన ఫొటోలు పెద్ద బొమ్మలుగా ఇంకో విండోలో, ప్రింట్‌కు పోయేవి డీటెయిల్స్‌లో మరో విండోలో. రోజంతా ఫైళ్లతోనే బతికే ఆ మనిషికి పెట్టిన డబ్బు వస్తుంది. అవును, దీనికి డబ్బు కట్టాలి. జిరాక్స్ షాపుకు ఆ ఖర్చు అనవసరం.

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది కాబట్టి, విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్‌లు ఉన్నవాళ్లు విండోస్‌కు బదులుగా వాడుకునే లినక్స్ గురించి అడుగుతున్నారు. ఈ విషయంలో లినక్స్ తీరు నాకు బాగా నచ్చింది. కేడీఈ అనే లినక్స్ డెస్క్‌టాప్‌లో ఫోల్డర్లు చూపించే డాల్ఫిన్ ప్రశ్నను సూటిగా అడుగుతుంది: ఫోల్డర్ ఫోల్డర్‌కూ వ్యూ గుర్తుంచుకోవాలా, అన్నిటికీ ఒకటే ఉండాలా? రెంటిలో ఒకటి ఎంచుకుంటే అయిపోయింది. రిజిస్ట్రీ లేదు, రకాల ఊహ లేదు. మింట్ అనే లినక్స్ రకంలో అదే పని చేసే నెమో ఫోల్డర్ వారీగా గుర్తుపెట్టుకుంటుంది, అక్కర్లేదంటే అది మానేసే టిక్ ఉంది. కానీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కరపత్రాలు, పెండ్లి పత్రికలు చేసే డీటీపీ షాపును లినక్స్‌కు మారమని నేను చెప్పను. ఆ పని విండోస్ మీదే నిలబడి ఉంది. చిట్టీలు, పీడీఎఫ్‌లు, బ్రౌజర్ తప్ప ఇంకేమీ వాడని ఆఫీసుకైతే నిశ్చింతగా చెబుతా.

ఏది పెట్టుకున్నా చూసుకోవాల్సినవి

"క్లీనింగ్" సాఫ్ట్‌వేర్లు కొన్నిటిలో విండో సైజు, లొకేషన్ క్యాష్ తుడిచేసే టిక్ ఉంటుంది. అది పెట్టి రోజూ క్లీన్ చేస్తుంటే పైన చెప్పిన జ్ఞాపకమంతా రోజూ పోతుంది. ముందు ఆ టిక్ తీసేయండి. రీస్టార్ట్ చేయగానే పాత స్థితికి పోయేలా సిస్టమ్‌ను ఫ్రీజ్ చేసిన ఇంటర్నెట్ సెంటర్లలో, ఫ్రీజ్ తీసి సెట్టింగ్‌లు పెట్టి మళ్లీ ఫ్రీజ్ చేయాలి. లేకపోతే ఏ దారీ నిలవదు.

ఫొటోషాప్‌లోనో, పేజ్‌మేకర్‌లోనో ఓపెన్, సేవ్ నొక్కితే వచ్చే చిన్న విండో వ్యూ వేరుగా దాచబడుతుంది. ఎక్స్‌ప్లోరర్‌లో ఎంత సర్దినా అది దాన్ని పట్టించుకోదు. ఆ విండోలోనే, మీరు ఎక్కువగా ఫైళ్లు తీసే ఫోల్డర్‌లో ఉన్నప్పుడు డీటెయిల్స్ పెట్టి, తేదీ కాలమ్ మీద నొక్కి, ఒక ఫైలు తెరిచి మూయండి.