అనంతపురంలో ఫార్వర్డ్ ఆటగాళ్ల వారాంతపు శిక్షణ: క్రాంకల్ గోల్స్‌ను చక్కగా నేర్పారు, ఆయన కోచ్ జీవితాన్ని తేల్చేశారు

ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ స్థానంలో ఆడే పిల్లల కోసం, వారికి ఆట నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుల కోసం అనంతపురం పట్టణంలో ఒక ప్రైవేటు శిక్షణ సంస్థ ఈ వేసవిలో నడిపిన వారాంతపు కోర్సు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. మా పాఠశాల పిల్లలను వెంటబెట్టుకుని నేనూ ఉపాధ్యాయుల బృందంలో చేరాను. పొద్దున్నే మైదానంలో సాధన, ఎండ ముదిరాక గదిలో ప్రొజెక్టర్ మీద పాఠం, మళ్లీ సాయంత్రం మైదానం, ఇదీ వరస. పాఠాలన్నిటినీ ఒకే ఆటగాడి జీవితం చుట్టూ అల్లడం ఈ కోర్సు ప్రత్యేకత. ఆ ఆటగాడు ఆస్ట్రియాకు చెందిన హన్స్ క్రాంకల్.

ఎందరో పేరున్న ఆటగాళ్లు ఉండగా మన పిల్లలకు బొత్తిగా తెలియని ఆస్ట్రియా దేశస్థుణ్ణి ఎందుకు ఎంచుకున్నారని మొదటి రోజు కొందరు తల్లిదండ్రులు అడిగారు. నిర్వాహకులు ఇచ్చిన జవాబు నాకు సబబుగానే తోచింది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి స్థిరపడినప్పటి నుంచి ఈ జిల్లాకూ స్పెయిన్‌కూ రాకపోకలు ఉన్నాయి. ఆయన స్థాపించిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) చలవతో పల్లెల్లో సైతం పిల్లలు బార్సిలోనా క్లబ్ చొక్కాలు వేసుకుని బంతి ఆడుతున్నారు. ఆ చొక్కా వేసుకున్న తొలి ఏడాదిలోనే స్పెయిన్ లీగ్ మొత్తానికీ అత్యధిక గోల్స్ వీరుడైన మనిషి కథతో మొదలుపెడితే పిల్లలు చెవి ఒగ్గి వింటారని వారి ఆలోచన. పిల్లలు నిజంగానే విన్నారు.

1953లో వియెన్నాలో పుట్టిన క్రాంకల్ అదే నగరంలోని రాపిడ్ క్లబ్‌లో ఎదిగాడు. కుర్రతనంలో ఆ క్లబ్ ఆయనను ఒక సీజన్ పాటు వీనర్ ఏసీ అనే మరో జట్టుకు అరువు ఇచ్చింది. పెద్ద జట్టులో బెంచీ మీద కూర్చోబెట్టే బదులు చిన్న జట్టులో ప్రతి వారం ఆడనిచ్చారన్నమాట. శిక్షకుడు ఈ విషయాన్ని రెండు ముక్కల్లో చెప్పి దాటేశాడు గానీ, పిల్లవాడిని పేరున్న అకాడమీలో చేర్చితే చాలు, ఆడించకపోయినా ఫరవాలేదు అనుకునే తల్లిదండ్రులకు దీన్ని నిదానంగా వివరించి ఉండవలసింది. తిరిగి వచ్చాక క్రాంకల్ గోల్స్ మీద గోల్స్ కొట్టుకుంటూ పోయాడు. 1977లో సాల్జ్‌బర్గ్‌లో మాల్టాను ఆస్ట్రియా 9–0తో చిత్తు చేసినప్పుడు అందులో 6 గోల్స్ ఆయనవే. 1977–78 లీగ్‌లో 41 గోల్స్ చేసి, యూరప్ లీగులన్నిటిలో అత్యధిక గోల్స్ సాధించినవారికి ఇచ్చే బంగారు బూటును అందుకున్నాడు.

ఇక్కడ ఒక తప్పు చెప్పాలి. కోర్సులో పంచిన అచ్చు పుస్తకంలో ఆ బంగారు బూటు బార్సిలోనాలో ఆడుతుండగా వచ్చిందని రాశారు. అది రాపిడ్ ఆటగాడిగా ఉండగా వచ్చింది. బార్సిలోనాలో 1978–79లో ఆయన 29 గోల్స్ చేసి గెలుచుకున్నది స్పెయిన్ లీగ్ వరకే పరిమితమైన పిచిచి పురస్కారం. ఫీజు కట్టించుకుని ఇచ్చే పుస్తకంలో ఇలాంటి పొరపాటు దొర్లకూడదు, ఎందుకంటే పిల్లలు అచ్చులో చూసినదాన్ని వేదవాక్కుగా తీసుకుంటారు. నిర్వాహకులకు చెప్పాను. తర్వాతి ముద్రణలో దిద్దుతామన్నారు.

కోర్సులో ఎక్కువ మార్కులు వేయదగిన పాఠం 1978 ప్రపంచ కప్. 20 ఏళ్ల తర్వాత ప్రపంచ కప్‌లో అడుగుపెట్టిన ఆస్ట్రియా తొలి మ్యాచ్‌లోనే స్పెయిన్‌ను 2–1తో ఓడించింది. గెలుపు గోల్ క్రాంకల్‌దే. ఆ స్పెయిన్‌లోనే కొద్ది వారాల్లో ఆయన కొలువుకు చేరాడు. స్వీడన్‌పై పెనాల్టీతో గెలిపించాడు. బ్రెజిల్ ఉన్న గుంపులో ఆస్ట్రియా అగ్రస్థానంలో నిలిచింది. రెండో దశలో మాత్రం నెదర్లాండ్స్ చేతిలో 5–1తో, ఇటలీ చేతిలో 1–0తో ఓడిపోయి ఫైనల్ ఆశ వదులుకుంది. అలాంటి స్థితిలో జూన్ 21న అర్జెంటీనాలోని కోర్డోబాలో, అప్పటి ప్రపంచ విజేత పశ్చిమ జర్మనీతో తలపడింది. రుమెనిగె గోల్‌తో జర్మనీ ముందుకు వెళ్లింది. రెండో సగంలో జర్మనీ ఆటగాడు ఫోగ్ట్స్ పొరపాటున తన గోల్‌లోకే బంతి పంపడంతో లెక్క సమమైంది. క్రాంకల్ ఎగిరి వచ్చిన బంతిని ఎడమ కాలితో కొట్టి ఆస్ట్రియాను ఆధిక్యంలోకి తెచ్చాడు. కాసేపటికే జర్మనీ ఆటగాడు హోల్ట్‌సెన్‌బైన్ గోల్ కొట్టి దాన్ని చెరిపేశాడు. ఇంకో రెండు మూడు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా ఎడమ పక్కన దొరికిన పొడవాటి పాస్‌తో క్రాంకల్ గోల్ ముందరి పెనాల్టీ పెట్టె లోపలికి చొరబడి, డిఫెండర్లను తప్పించుకుని, గోల్‌కీపర్ సెప్ మాయర్‌కు అందకుండా బంతిని లోపలికి పంపాడు. 3–2. 1931 తర్వాత జర్మనీపై ఆస్ట్రియాకు అదే తొలి గెలుపు.

శిక్షకుడు ఈ మూడో గోల్‌ను ఎన్ని రకాలుగా విడదీసి చూపించాడో! ముందు బంతి ఎవరి దగ్గర ఉందో చూపించాడు. తర్వాత బంతిని పూర్తిగా వదిలేసి క్రాంకల్ పాదాలనే చూడమన్నాడు. ఆ తర్వాత డిఫెండర్ ముఖం ఎటు తిరిగి ఉందో గమనించమన్నాడు. సాయంత్రం అదే పాఠం మైదానంలో సాధన అయింది. పెనాల్టీ పెట్టెలో సున్నంతో గుర్తులు గీసి, పక్క నుంచి బంతి వేసే ఆటగాడు తల ఎత్తాకే ఫార్వర్డ్ ఆ గుర్తు వైపు పరుగెత్తాలని నియమం పెట్టాడు. మా పాఠశాలలో ఎనిమిదో తరగతి చదివే, బుక్కరాయసముద్రం నుంచి వచ్చే అమ్మాయి ప్రతిసారీ ముందే వెళ్లి గుర్తు మీద నిలబడిపోతోంది. శిక్షకుడు ఈల ఊది ఆపాడు.

"పాపా, బంతి రాకముందే పోయి నిలబడితే డిఫెండర్‌కు నువ్వు కనబడిపోతావు. ఆయమ్మ తల ఎత్తిందా లేదా చూసుకో, అప్పుడు కదులు."

"లేటైపోతే సార్?"

"లేటైతే పర్వాలేదు, అడుగు సరిచేసుకోవచ్చు. తొందరపడితే మాత్రం ఇక దారి ఉండదు."

తర్వాతి ప్రయత్నాల్లో ఆ అమ్మాయి రెండడుగులు వెనక నుంచి బయలుదేరి, ఎడమ పాదం లోపలి అంచుతో బంతిని తాకి గోల్‌లోకి పంపింది. ఈ పిల్ల గురించి ఇంకొక మాట చెప్పాలి. పుట్టుకతో ఎడమ కాలి ఆట ఆమెది. అంతకుముందు వేరొక చోట నేర్పిన వారు పట్టుబట్టి కుడి కాలితోనే కొట్టించేవారు. గడప దాటేటప్పుడు కుడి కాలే ముందు పెట్టాలన్న పట్టింపు మన ఇళ్లలో ఎటూ ఉంటుంది, కానీ ఆ పట్టింపును మైదానంలోకి తీసుకురావడం అన్యాయం. ప్రపంచ కప్‌లో జర్మనీని ఇంటికి పంపింది ఎడమ కాలని తెర మీద చూసిన రోజు నుంచి ఆ అమ్మాయి బంతి కోసం అరిచి అడగడం మొదలుపెట్టింది. ఈ ఒక్క ఫలితానికే నేను కట్టిన ఫీజు చెల్లిపోయిందని అనుకుంటున్నాను.

యూరప్ దేశాల కప్ విజేతలు తలపడే కప్ విన్నర్స్ కప్‌లో, 1979 మే 16న బాసెల్‌లో జరిగిన ఫైనల్‌ను కూడా బాగానే చూపించారు. ఫోర్టునా డ్యూసెల్‌డార్ఫ్‌పై అదనపు సమయంలో బార్సిలోనా 4–3తో గెలిచిన ఆ మ్యాచ్‌లో నాలుగో గోల్ క్రాంకల్‌ది. ఆ తర్వాత బార్సిలోనాలో పొసగక 1980లో ఫస్ట్ వియెన్నా అనే జట్టుకు అరువు మీద రావడం, 1981లో తిరిగి రాపిడ్‌కు చేరడం, 1982, 1983లలో లీగ్ టైటిళ్లు, 1985లో రోటర్‌డామ్‌లో ఎవర్టన్ చేతిలో 3–1తో ఓడిన అదే కప్ విన్నర్స్ కప్ ఫైనల్‌లో 32 ఏళ్ల వయసులో రాపిడ్ తరఫున ఏకైక గోల్ చేయడం, ఇవన్నీ ఒకే పాఠంలో చుట్టబెట్టారు. దేశం తరఫున 69 మ్యాచ్‌లలో 34 గోల్స్ అన్న లెక్కతో ముగించారు.

1982 ప్రపంచ కప్‌లో స్పెయిన్‌లోని గిహోన్‌లో జరిగిన మ్యాచ్‌ను మాత్రం అసలు ఎత్తలేదు. దీన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. ఆస్ట్రియాపై పశ్చిమ జర్మనీ 1–0తో గెలిస్తే రెండు జట్లూ ముందుకు వెళతాయి, అప్పటికే తన మ్యాచ్‌లు ముగించుకున్న అల్జీరియా ఇంటికి పోతుంది. పదో నిమిషంలో జర్మనీ ఆటగాడు హ్రుబెష్ గోల్ చేశాక ఇరు జట్లూ ఆడటం మానేసి బంతిని అటూ ఇటూ దొర్లిస్తూ కాలం గడిపాయి. ఆ రోజు ఆస్ట్రియా జట్టులో క్రాంకల్ ఉన్నాడు. ఆ మచ్చ కారణంగానే గుంపులోని చివరి రెండు మ్యాచ్‌లను ఒకే సమయంలో ఆడించే నియమం వచ్చింది. పిల్లలకు గొప్పవాడి కథ చెబుతున్నప్పుడు ఇది దాచకూడదు. వారు మన మాట నమ్మేది అన్నీ చెప్పినప్పుడే.

ఇక ఉపాధ్యాయుల కోసం అని ప్రకటించిన భాగానికి వస్తాను. క్రాంకల్ 1989లో ఆట విరమించిన వెంటనే రాపిడ్‌కు కోచ్ అయ్యాడు. 1992 వరకు అక్కడ ఉండి, తర్వాత మోడ్లింగ్, ఇన్స్‌బ్రుక్, సాల్జ్‌బర్గ్ జట్లకు నేర్పి, 2002 నుంచి 2005 వరకు ఆస్ట్రియా జాతీయ జట్టును నడిపాడు. ఇంత పెద్ద అధ్యాయానికి వీరు కేటాయించింది ఆఖరి పాఠంలో ఆఖరి భాగం. అదీ, కోచ్‌గా కూడా సేవలందించారు అన్న పొగడ్తతో సరిపెట్టారు. మాలాంటి వాళ్లకు కావలసిన సరుకు అక్కడే ఉంది. గోల్స్ కొట్టడంలో అంతటి దిట్ట కోచ్‌గా రాపిడ్‌కు టైటిల్ తేలేకపోయాడు. ఆయన ఆధ్వర్యంలో 1990, 1991 ఆస్ట్రియా కప్ ఫైనల్స్‌లో రాపిడ్ ఓడింది. రెండోది మరీ బాధాకరం, కింది డివిజన్‌లో ఆడే స్టోకెరావు చేతిలో 2–1తో ఓడింది. జాతీయ జట్టు 2004 యూరో (యూరప్ దేశాల పోటీ) క్వాలిఫయింగ్‌లోనూ, 2006 ప్రపంచ కప్ క్వాలిఫయింగ్‌లోనూ తన గుంపులో మూడో స్థానం దాటలేదు.

అయితే అదే కాలంలో ఆయన కొత్త కుర్రాళ్లకు తలుపులు తెరిచాడు. ఆండ్రియాస్ ఇవాన్షిట్స్‌కు చాలా చిన్న వయసులోనే కెప్టెన్సీ అప్పగించాడు. 2004 సెప్టెంబరులో వియెన్నాలో ఇంగ్లాండ్ 2–0 ఆధిక్యంలో ఉండగా ఆస్ట్రియా వెంటవెంటనే రెండు గోల్స్ చేసి 2–2తో నిలబడింది, రెండో గోల్ ఇవాన్షిట్స్‌దే. పెట్టెలో నిలబడే చోటును తన శరీరంతో తెలుసుకున్న మనిషి, దాన్ని ఇంకొకరికి మాటల్లో ఎలా చెప్పాలి? తనకు సహజంగా వచ్చినది పిల్లవాడికి రానప్పుడు ఏం చేయాలి? వ్యాయామ ఉపాధ్యాయులందరం మైదానంలో రోజూ ఎదుర్కొనే ప్రశ్నలివి. క్రాంకల్ జీవితంలోని రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చర్చిస్తే ఎంతో ఉపయోగపడేది. అడిగితే, పిల్లలకు ఓటముల గురించి ఎందుకు సార్ అన్నారు నిర్వాహకులు. మేము పిల్లలం కాదు కదా, మా బృందానికి విడిగా చెప్పవచ్చు.

సౌకర్యాల విషయం క్లుప్తంగా చెబుతాను. మైదానం చదునుగా, రాళ్లు లేకుండా ఉంది. తాగునీటికి లోటు రాలేదు. పొద్దుటి సాధన తర్వాత పెట్టిన ఉగ్గాని బజ్జీ రుచిగానే ఉంది గానీ, మళ్లీ పరుగెత్తవలసిన పిల్లలకు మిరపకాయ బజ్జీ తగదు, అరటిపండు, ఉడికించిన గుడ్డు పెడితే మేలు. గదిలో కిటికీలకు తెరలు లేకపోవడంతో పన్నెండు దాటాక ప్రొజెక్టర్ బొమ్మ వెలవెలబోయేది. అమ్మాయిలకు బట్టలు మార్చుకునే గది విడిగా ఉంది, తాళం సరిగా పడదు.

పన్నెండు నుంచి పదహారేళ్ల మధ్య వయసున్న, ఇప్పటికే పాఠశాల జట్టులో ముందు వరసలో ఆడుతున్న పిల్లలను ఈ కోర్సుకు నిస్సందేహంగా పంపవచ్చు. బంతి ఇప్పుడే పట్టినవారికి ఇది తొందరపాటు అవుతుంది. ధర్మవరం, కళ్యాణదుర్గం వైపు నుంచి రోజూ వచ్చి పోదలచినవారు సాయంత్రం సాధన ఎన్నింటికి ముగుస్తుందో ముందే కనుక్కోవాలి, మాకు చెప్పిన వేళకు ఒక్కరోజూ వదల్లేదు. ఉపాధ్యాయులు మాత్రం కోచింగ్ పాఠాలను పెంచారా లేదా అని అడిగి, పెంచామంటేనే వచ్చే ఏడాది ఫీజు కట్టండి.