ఒకే కారు, రెండు బంపర్లు, రెండు సిల్వర్లు

మాది 2016 మోడల్ మారుతి స్విఫ్ట్. రంగు సిల్కీ సిల్వర్, పెయింట్ కోడ్ జెడ్2ఎస్. 2020లో ముందు బంపర్ పగిలితే సర్వీస్ సెంటర్లో కొత్తది వేయించాం. ఆ మరుసటి ఏడాది వెనక బంపర్ ఒక మూల గీసుకుపోతే, విజయవాడ ఆటోనగర్లో పాతదానికే రంగు కొట్టించాను. అలా ఒకే కారు మీద రెండు రకాల పనీ ఇన్నేళ్ల ఎండకీ వానకీ ఎలా నిలబడిందో పక్కపక్కనే చూడగలిగాను.

ముందు బంపర్ సంగతి. బండి చేతికిచ్చింది సాయంత్రం, షెడ్డులో, ట్యూబ్‌లైట్ల కింద. అప్పుడు ఏ తేడా కనపడలేదు. మర్నాడు ఎండలో చూస్తే, ఎదురుగా నిలబడినప్పుడు బాగానే ఉంది కానీ పక్కకి జరిగితే ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) కంటే బంపర్ ఒక పిసరు ముదురుగా ఉంది. అడిగితే "కంపెనీ కోడ్ ప్రకారమే కలిపాం సార్" అన్నారు. అబద్ధమేమీ కాదు. కోడ్ సరిగ్గా ఉన్నా షేడ్ కలవకపోవడం సిల్వర్‌లో మామూలే.

సిల్వర్‌కి ఆ మెరుపు వచ్చేది రంగులో కలిపిన సన్నటి అల్యూమినియం రేకుల వల్ల. స్ప్రే గన్ దగ్గరగా పెట్టి తడితడిగా కొడితే రేకులు లోపలికి దిగి రంగు ముదురుతుంది. దూరం నుంచి పొడిగా కొడితే పైనే నిలిచి తేలిపోతుంది. ఒకే డబ్బాలో రంగుతో ఇద్దరు పెయింటర్లు రెండు సిల్వర్లు తీయగలరు. దానికితోడు ఒకే కోడ్‌కి పెయింట్ కంపెనీల దగ్గర కొంచెం ముదురువి, కొంచెం లేతవి, కొంచెం నీలం తిరిగినవి అంటూ వేరియంట్లు ఉంటాయి. అందులో మన బండికి ఏది దగ్గరో ఎంచడమే అసలు పని. కోడ్ మనకి బీరువా చూపిస్తుంది, చీర మనమే వెతుక్కోవాలి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. బాడీ స్టీలు, బంపర్ ప్లాస్టిక్. ఫ్యాక్టరీలో బాడీ రంగుని సుమారు 140 డిగ్రీల వేడిలో ఆరబెడతారు. ఆ వేడికి బంపర్ వంకర తిరిగిపోతుంది కాబట్టి దానికి విడిగా, వేరే రకం రంగు కొట్టి తక్కువ వేడిలో ఆరబెడతారు. అందుకే కొత్త కార్లలో కూడా ఫెండర్‌కీ బంపర్‌కీ మధ్య చిన్న తేడా ఉండొచ్చు. ఈసారి షోరూమ్‌కి వెళ్తే మెటాలిక్ రంగు కారు పక్కన నిలబడి, హెడ్‌లైట్ కింద ఆ గీత దగ్గర చూడండి. ఒకసారి కంటపడిందంటే తర్వాత ప్రతి బండిలోనూ అదే కనిపిస్తుంది, అదొక గోల.

ఇక ఆటోనగర్ పని. మేస్త్రి మొదట చేసింది రంగు కలపడం కాదు. బంపర్ పక్కనున్న ప్యానెల్ మీద చిన్న చోట రుద్దే పేస్టు, అదే కాంపౌండ్, పెట్టి పాలిష్ చేశాడు. "పైన మసిబారింది బాబూ, అసలు షేడ్ కనపడాలిగా" అన్నాడు. తర్వాత ఒక కార్డు మీద రంగు కొట్టి, దాని మీద క్లియర్, అంటే రంగు పైన వేసే పారదర్శకమైన మెరుపు పూత, కూడా కొట్టి, ఆరాక ఎండలో ప్యానెల్‌కి ఆనించి నిటారుగా ఒకసారి, వాలుగా ఒకసారి చూశాడు. క్లియర్ పడకముందు చూసే షేడ్ లెక్కలోకి రాదు, క్లియర్ పడగానే షేడ్ మారుతుంది. కార్డు నచ్చేదాకా కలుపుతూనే ఉన్నాడు. ఆకాశం మబ్బు పట్టి ఉంటే ఆ పూటకి పని ఆపేశాడు. గాలిలో తేమ ఎక్కువైతే క్లియర్ తెల్లగా పొగబారుతుందట. నాకు విసుగొచ్చిన మాట నిజమే కానీ ఫలితం మాత్రం వెనక్కి వెళ్లి చూడొచ్చు. ఇప్పటికీ వెనక బంపర్ షేడ్ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ముందుదాన్ని బండి కొనాలని వచ్చిన ఒకాయన దూరం నుంచే పట్టేశాడు.

షేడ్ కలవకపోతే పక్క ప్యానెల్ మీదకి కూడా కొంచెం రంగు లాగి కలిపేసే పద్ధతి ఉంది, బ్లెండింగ్ అంటారు. కంటికి అదే బాగుంటుంది. కానీ దానికోసం ఆ ప్యానెల్ మొత్తానికి క్లియర్ కొట్టాలి. ఫ్యాక్టరీ పెయింట్ ఉన్న ప్యానెల్‌ని ముట్టుకోనివ్వడం నాకిష్టం లేదు. అమ్మేటప్పుడు పెయింట్ మందం కొలిచే మీటర్ పెడితే అక్కడ యాక్సిడెంట్ అయిందేమోనని అనుమానపడతారు. బంపర్‌కి రంగు కొట్టించామంటే ఎవరూ పట్టించుకోరు, డోర్ అంటే బేరం మొదలవుతుంది.

షేడ్‌లో ఆటోనగర్ గెలిచినా, అతుక్కోవడంలో సర్వీస్ సెంటర్ గెలిచింది. ముందు బంపర్‌కి హైవే మీద రాళ్లు తగిలి చుక్కలు పడ్డాయి కానీ ఆ చుట్టూ పెయింట్ లేవలేదు. వెనక బంపర్ కింది అంచున మాత్రం ప్రెషర్ వాష్‌లో గోరంత పెచ్చు లేచి, ఏడాది తిరిగేసరికి వేలంత అయింది. బంపర్ ప్లాస్టిక్ పాలీప్రొపిలీన్ రకం, దానికి ఏ రంగూ ఒక పట్టాన అంటదు. రంగు అంటుకోవడానికి అడుగున ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టాల్సిందే. మేస్త్రి గీతలు పడిన మూలకి కొట్టాడు, కనపడని అంచుకి సాండింగ్‌తో, అంటే గరుకు కాగితంతో రుద్ది, సరిపెట్టాడు. వాష్ చేసే కుర్రాళ్లకి నాజిల్ బంపర్ అంచుకి దగ్గరగా పెట్టొద్దని చెబుతున్నాను, అప్పటినుంచీ పెచ్చు పెద్దగా పెరగలేదు.

మెరుపు విషయంలో రెండూ దాదాపు సమానం. రెండింటికీ హార్డెనర్ కలిపే 2కె క్లియరే పడింది. చవకలో హార్డెనర్ లేని థిన్నర్ ల్యాకర్ కొట్టే చోట్లు కూడా ఉన్నాయి. మా బావమరిది బండికి అలాంటిదే పడి, రెండు వేసవులకే సుద్దలా పాలిపోయింది. అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు కాదు, క్లియర్ ఏది అని. రంగు కొట్టించాక నెల రోజులు మైనం, సెరామిక్ కోటింగ్ లాంటివి వేయకూడదన్నారు, వేయలేదు.

డబ్బు లెక్క. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి మామూలు ఇన్సూరెన్స్ పాలసీలో దాని ధరలో 50 శాతం తరుగుదల కింద కోసేస్తారు. పెయింటింగ్ బిల్లులో పావు వంతుని మెటీరియల్‌గా లెక్కగట్టి, అందులో సగం కోస్తారు. తరుగుదల కోయని జీరో డెప్ కవర్ ఉంటే ఈ కోతలు ఉండవు. ముందు బంపర్‌తో పాటు హెడ్‌లైట్ కూడా పోయింది కాబట్టి క్లెయిమ్ చేయడం లాభించింది. వెనకాల ఒక మూల గీతకి క్లెయిమ్ పెడితే, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, జేబులోంచి ఇవ్వడమే నయం అనిపించింది.

మామూలు సాలిడ్ వైట్ బండి అయితే ఇంత టెన్షన్ అక్కర్లేదు, ఎవరు కొట్టినా దాదాపు కలిసిపోతుంది. బండి పాతబడి తెలుపు పసుపు తిరిగితే మాత్రం చూసుకోవాలి. పెర్ల్ వైట్ మళ్లీ వేరే. తెల్ల బేస్, దాని మీద మైకా పొర, ఆపైన క్లియర్. మధ్య పొర ఒక చేయి ఎక్కువ పడినా షేడ్ మారిపోతుంది. సిల్వర్ కంటే అదే కష్టమని మేస్త్రే ఒప్పుకున్నాడు. రంగు కొట్టేసి అమ్మే ఆన్‌లైన్ బంపర్లు సాలిడ్ రంగులకైతే పర్వాలేదు, మెటాలిక్‌కి నేను కొనను. మన బండిని చూడకుండా కలిపిన రంగు మన బండికి కలుస్తుందన్న నమ్మకం నాకు లేదు.

ముందు బంపర్ మీద రాళ్ల చుక్కలు ఎక్కువయ్యాయి కాబట్టి ఎలాగూ మళ్లీ రంగు కొట్టించాలి. ఈ వానలు తగ్గాక అదే మేస్త్రి దగ్గరికే వెళ్తాను. ప్లాస్టిక్ ప్రైమర్ మాత్రం అంచులతో సహా మొత్తం బంపర్‌కి పడాలని, దానికి ఎక్కువైనా ఇస్తానని ముందే మాట్లాడుకుంటాను.