ఓబో రీడ్: కొనుక్కోవడం మేలా, చేసుకోవడం మేలా?

అమెరికాలో మన పిల్లలు మిడిల్ స్కూల్ బ్యాండ్‌లో ఓబో అనే ఊదే వాద్యం తీసుకుంటే ఇంట్లో ముందుగా తేలాల్సింది వాద్యం సంగతే అనుకుంటారు. కొందామా, అద్దెకు తెద్దామా, ఏ కంపెనీది అని వారాల తరబడి వెతుకుతారు. నోట్లో పెట్టుకుని ఊదే రెండు రేకుల రీడ్ మాత్రం దుకాణంలో ఏది దొరికితే అది తెచ్చేస్తారు. ఓబో నేర్పేదాన్నిగా నాకిది తలకిందుల లెక్కగా కనిపిస్తుంది. మంచి రీడ్ పెడితే స్కూలువాళ్లిచ్చిన పాత ఓబో కూడా చక్కగా పలుకుతుంది. రీడ్ బాగాలేకపోతే వేల డాలర్లు పోసి కొన్నదైనా గీపెడుతుంది.

అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. గట్టి రీడ్‌తో నెలల తరబడి సాధన చేసిన పిల్లలు, శబ్దం రప్పించడానికి దాన్ని పెదవులతో కొరికి పట్టడం అలవాటు చేసుకుంటారు. శ్రుతి పైకి పోతుంది, పెదవులు పది నిమిషాలకే అలిసిపోతాయి. ఆ అలవాటు మాన్పించడం రీడ్ కొన్నంత తేలిక కాదు.

రీడ్ ఎలా తయారవుతుందో కొంచెం తెలిస్తే ఎంపిక సులువవుతుంది. అరుండో డోనాక్స్ అనే రెల్లు జాతి గడతో దీన్ని చేస్తారు. దక్షిణ ఫ్రాన్స్‌లో మధ్యధరా తీరాన ఉన్న వార్ ప్రాంతపు గడకు మంచి పేరు. సుమారు 10, 10.5 మిల్లీమీటర్ల అడ్డుకొలత ఉన్న గొట్టాన్ని నిలువునా మూడుగా చీల్చి, లోపలివైపు తోడి, నడుమ 0.6 మిల్లీమీటర్ల దరిదాపు మందం మిగులుస్తారు. దాన్ని ఆకారానికి కోసి, మధ్యకు మడిచి, కార్క్ చుట్టిన స్టేపుల్ అనే చిన్న లోహపు గొట్టానికి నైలాన్ దారంతో బిగించి కడతారు. ఆ తర్వాత మడత కోసి, రెండు రేకులనూ కత్తితో గీకుతూ పోవడమే అసలు పని. మన నాదస్వరానికీ ఊపిరి రెండు రేకుల మధ్య నుంచే పోతుంది. ఓబో రేకుల సందు మరీ సన్నం కాబట్టి ఊపిరితిత్తుల్లో పాత గాలి మిగిలిపోతుంది. అందుకే ఓబో వాయించేవాళ్లు ముందు గాలి వదిలి, ఆ తర్వాతే కొత్తగా పీల్చుకోవడం నేర్చుకోవాలి. సందు అతిగా మూసుకుపోయిన రీడ్‌తో ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది.

ఇంత కష్టపడి చేసిన రీడ్ కూడా బాగా పలికేది పది, పదిహేను గంటల వాయింపు వరకే. ఆపైన మెల్లగా చప్పబడుతుంది. కాబట్టి ఇది ఒకసారి కొని మరిచిపోయే వస్తువు కాదు.

దుకాణంలో దొరికేవి, చేత్తో చేసినవి

మ్యూజిక్ షాపుల్లో మీడియం సాఫ్ట్, మీడియం అని రాసి అమ్మే యంత్రపు రీడ్లు చవక. కానీ చాలావాటికి కొస మందంగా వదిలేస్తారు. అలాంటిదాన్ని ఉన్నదున్నట్టు వాయించమని పిల్లలకు ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. కత్తి పట్టడం నేర్చుకునేటప్పుడు పాడైనా పర్వాలేదనుకోడానికి మాత్రం అవి బాగా పనికొస్తాయి.

ఓబో వాయించేవాళ్లు స్వయంగా చేసి అమ్మే రీడ్ సుమారు 25 నుంచి 35 డాలర్లు ఉంటుంది. ఒక్కోదాన్నీ ఊది చూసి పంపుతారు. ఇక్కడో మెలిక ఉంది: వాళ్లు చూసింది వాళ్ల పెదవులతో, వాళ్ల ఊరి గాలిలో. హ్యూస్టన్ తేమలో హాయిగా పలికిన రీడ్ మిన్నెసోటా చలికాలంలో, హీటర్ నడిచే పొడి గదిలో అలాగే పలకదు. అందుకే తయారీదారులను మార్చి మార్చి కొనకుండా ఒకరినే పట్టుకుని, ఈసారి కింది స్వరాలు కష్టమయ్యాయి, ఈసారి శ్రుతి తగ్గింది అని చెబుతూ ఉండండి. మంచి తయారీదారు రెండు మూడు విడతల్లో మీ పిల్లకు సరిపడేలా మార్చి ఇస్తారు. మొదటి రెండేళ్లకు ఇదే మేలు.

ప్లాస్టిక్ రీడ్

కెనడాకు చెందిన లెజేర్ కంపెనీ కృత్రిమ పదార్థంతో ఓబో రీడ్లు చేస్తోంది. ధర వంద డాలర్లు దాటుతుంది, కానీ నెలల తరబడి నిలుస్తుంది. నానబెట్టే పని లేదు, వాతావరణం మారినా పెద్దగా చలించదు. ఆరుబయట కచేరీలో, నాటకంలో వేదిక కింద కూర్చుని ఓబో పక్కన పెట్టి పావుగంట తర్వాత హఠాత్తుగా అందుకోవాల్సిన చోట, దీనికి సాటి లేదు. గడ రీడ్ అప్పటికి ఎండిపోయి ఉంటుంది.

నచ్చనిదేమిటంటే, గడలో ఉన్నన్ని రంగులు దాని నాదంలో పలకవు. గడ రీడ్‌లా కత్తితో ఇష్టం వచ్చినట్టు సరిచేసుకోవడమూ కుదరదు. రోజూ దాంతోనే వాయించే పిల్లలకు రీడ్‌లో ఏం తేడా వస్తే శబ్దంలో ఏం తేడా వస్తుందో తెలిసే అవకాశమే ఉండదు. పెట్టెలో రెండో రీడ్‌గా ఉంచుకోండి.

పొడవు గీత, పొట్టి గీత

ఐరోపాలో కొస నుంచి పది మిల్లీమీటర్ల చుట్టుపక్కల వరకే గీకుతారు. మిగతా బెరడు అలాగే ఉంటుంది; ఇలా గీకే తీరే పొట్టి గీత. అమెరికాలో దాదాపు దారం దాకా గీకి, కొస (పలుచని చివర), గుండె (దాని వెనుక మందమైన నడుమ), వెనుక కిటికీలు (దారం వైపు బెరడు తీసిన చోట్లు) అని మూడు భాగాలుగా తీరుస్తారు. ఈ పొడవు గీతకు ఆద్యుడిగా మార్సెల్ తబుతోను చెబుతారు. పారిస్‌లో చదువుకుని వచ్చి, 1915 నుంచి 1954 వరకు ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో మొదటి ఓబో వాయించినవాడు. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత విద్యాలయంలో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు దేశంలోని చాలా పెద్ద ఆర్కెస్ట్రాలకు వెళ్లారు, వాళ్లతోపాటే ఆ గీతా వెళ్లింది.

పొడవు గీత రీడ్‌తో శ్రుతి నిలకడగా ఉంటుంది, నాదం గుండ్రంగా వస్తుంది. పొట్టి గీత రీడ్ వంచినట్టు వంగుతుంది, అందుకని శ్రుతి భారం ఎక్కువగా పెదవుల మీదే పడుతుంది. తేడా వినడానికి, ఒకప్పుడు క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాలో ఓబో వాయించిన జాన్ మాక్ రికార్డింగులనూ, బెర్లిన్ ఫిల్హార్మోనిక్ ఓబో వాద్యకారుడు ఆల్బ్రెక్ట్ మాయర్ రికార్డింగులనూ పక్కపక్కన పెట్టుకోండి. నాకు రెండూ ప్రాణమే. నేర్చుకునేవాళ్లకు మాత్రం ఇందులో ఎంపిక లేదు: గురువుది ఏ గీతో మీదీ అదే. అమెరికాలో గురువు, లండన్ నుంచి తెప్పించిన రీడ్ అనే కలయికలో ఆయన చెప్పే దిద్దుబాటు ఒక్కటీ పనిచేయదు.

కొనడానికీ చేసుకోవడానికీ మధ్య

"కొనాలా, చేసుకోవాలా" అని అడిగేవాళ్లు మధ్యలో ఉన్న దారిని మరిచిపోతారు. కొన్న రీడ్‌ను సరిచేసుకోవడం ఒక్కటి వస్తే సగం రీడ్లు చెత్తబుట్టలో పడకుండా ఆగుతాయి. కత్తి, రేకుల మధ్య పెట్టే పలుచని ప్లాక్, కొస కోసే చిన్న చెక్క దిమ్మ, స్టేపుల్‌లోకి దూర్చి పట్టుకునే మాండ్రెల్ ఉంటే చాలు.

చిన్న సీసాలో నీళ్లు పోసి రీడ్‌ను రెండు మూడు నిమిషాలు నానబెట్టండి. నోట్లో పెట్టుకుని తడపడం వద్దు, ఉమ్మికి గడ తొందరగా పాడవుతుంది. తర్వాత స్టేపుల్ కింది రంధ్రం వేలితో మూసి ఊదండి. పక్కల నుంచి గాలి కారుతుంటే కింది భాగంలో వంటింటి ప్లాస్టిక్ రేపర్ సన్నగా కోసి చుట్టండి. ఎంత గీకినా ఈ లోపం పోదు కనుక ముందు దీన్నే చూడాలి. ఆపైన సందు. మరీ తెరుచుకుని ఉంటే తడిగా ఉన్నప్పుడు రేకుల వెడల్పు వైపు బొటనవేలు, చూపుడువేలు పెట్టి కాసేపు మెల్లగా అదమండి. మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లలో ముంచి అంచుల వైపు నుంచి నొక్కండి.

ఇక చెవికి పని. రీడ్‌ను ఓబోకు పెట్టకుండా, పెదవులు దారం దగ్గరికి వచ్చేలా లోపలికి తీసుకుని ఊదితే వచ్చే కూతను క్రో అంటారు. పొడవు గీత రీడ్‌లో అది రెండు స్థాయిల్లో పాశ్చాత్య సంగీతపు సి (C) స్వరంగా వినిపించాలి. శ్రుతి చూపే ట్యూనర్ పెట్టి చూడండి. సి కంటే కిందికి ఉంటే కొసను వెంట్రుకంత కోయాలి. పైకి ఉంటే వెనుక కిటికీల్లో కొంచెం గీకాలి. మెత్తగా మొదలుపెడితే స్వరం పలకకపోతే తప్పు చాలాసార్లు కొసలోనే ఉంటుంది. ప్లాక్ పెట్టి, మూలల వైపు తేలికగా రెండుసార్లు గీకండి, రెండో రేకునూ అన్నిసార్లే. వెంటనే వాయించి చూడండి. కింది సి, బి స్వరాలు మొండికేస్తే కిటికీల అడుగు భాగం చూడండి. గుండె భాగాన్ని, నడిమి వెన్నును, పక్క అంచులను మాత్రం ముట్టుకోవద్దు. గుండె పలుచబడిన రీడ్‌ను ఇక బాగుచేయలేరు. కత్తి పదునుగా ఉండాలి. మొద్దుబారిన కత్తి గడను గీకదు, పీచు లేపుతుంది.

ఈ పని చేస్తూంటే వాయించడమూ మారుతుంది. స్వరం రాకపోతే పెదవి బిగించే పిల్ల ఇప్పుడు ఆగి, లోపం తనదా, రీడ్‌దా అని ఆలోచిస్తుంది.

పూర్తిగా సొంతంగా చేసుకోవడం హైస్కూల్ మధ్యలో మొదలుపెడితే చాలు. అదీ ఆకారం కోసి మడిచిన గడ కొనుక్కుని, కట్టడం, గీకడం నేర్చుకోండి. గడ తోడే యంత్రం ఒక్కటే వెయ్యి డాలర్లు దాటుతుంది, ఇప్పుడది అక్కర్లేదు. సంగీతమే చదవాలనుకునే పిల్లకైతే ఇది తప్పదు, అమెరికా కాలేజీల్లో ఓబో విద్యార్థి రీడ్లు తనే చేసుకోవాలి. బ్యాండ్‌లో సంతోషంగా వాయించుకుని వేరే చదువుకు వెళ్లే పిల్లకు సరిచేసుకోవడం వస్తే సరిపోతుంది. ఆమెను వారాంతాలు బల్ల దగ్గర కూర్చోబెట్టకండి, ఆ సమయం పొడవాటి స్వరాల సాధనకు ఇవ్వండి. పెట్టెలో ఎప్పుడూ మూడు రీడ్లు తిరగాలి: ఒకటి కొత్తది, రోజుకు పది నిమిషాలు మాత్రమే వాయించేది, ఒకటి మంచి ఊపులో ఉన్నది, ఒకటి ఇంటి సాధనకు. కచేరీ ఉన్న వారంలో ఊపులో ఉన్నదానికి కత్తి తగలనివ్వొద్దు.