పదిహేడేళ్లకు మండలి, పద్దెనిమిదేళ్లకు కోర్టు

నార్కట్‌పల్లి దగ్గర హైవే మీద ఇద్దరు మిత్రులు తాగి బైకులు నడుపుతూ పట్టుబడ్డారనుకుందాం. ఇద్దరి రక్తంలోనూ ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల పరిమితి దాటింది. ఒకడికి పద్దెనిమిది నిండాయి, ఇంకొకడికి నిండలేదు.

పెద్దవాడి దారి సూటిగా ఉంటుంది. మేజిస్ట్రేటు ముందు నిలబడాలి. మొదటిసారి కనుక ఆరు నెలల వరకు జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ.

చిన్నవాడిని లాకప్‌లో పెట్టకూడదు. అతని విషయం బాలల న్యాయ మండలి చూస్తుంది. అక్కడ మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు, వారిలో ఒక మహిళ తప్పనిసరి. మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ వంటివి ఆదేశించవచ్చు. పేరు పత్రికల్లో రాకూడదు. ఇదంతా మెతకగా కనిపిస్తుంది, కానీ మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ అసలు బరువును ఇంటి మీద వేసింది. తమకు తెలియదని, లేదా తగిన జాగ్రత్త తీసుకున్నామని నిరూపించుకోలేకపోతే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, ఇరవై అయిదు వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. కుర్రవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. జరిమానా ఎలాగోలా కట్టేయవచ్చు. బండి లేనిదే పని దొరకని మన ఊళ్లలో ఈ చివరిదే నాకు అన్నిటికంటే కఠినమనిపిస్తుంది.