వాన తెరిపిచ్చాక బొగతకు

బొగత చూడాలంటే వానాకాలంలోనే చూడాలి. అందులోనూ ముసురు పట్టిన రోజు కాదు, ముసురు విడిచిన రెండు మూడు రోజులకు. ములుగు జిల్లా వాజేడు మండలంలో చీకుపల్లి వాగు మీద ఉంది ఈ జలపాతం. వాగుకు వరద పైనుంచి, ఛత్తీస్‌గఢ్ వైపు అడవుల్లోంచి వస్తుంది. అందుకే హైదరాబాద్‌లో ఎండ కాస్తున్నా, అక్కడ పైన కుండపోత పడితే గంటల్లో వాగు పొంగుతుంది, అటవీశాఖ వాళ్ళు గేటు మూసేస్తారు. పిల్లాజెల్లాతో అంత దూరం పోయి గేటు బయటి నుంచి తిరిగి రావడం ఎవరికైనా బాధే. కానీ మూయడం మాత్రం న్యాయం. 2023 జులై చివర్లో ఇదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వానల్లోనే వెంకటాపురం మండలంలో ముత్యాలధార జలపాతం చూడబోయినవాళ్ళు వాగు అడ్డం పడి అడవిలో చిక్కుకుపోతే, రక్షక బృందాలు రాత్రికి రాత్రి వెళ్ళి బయటికి తీసుకురావలసి వచ్చింది. అందుకని మేము తేదీని క్యాలెండర్ చూసి ఖాయం చేయలేదు. ఏటూరునాగారంలో మా ఆయన స్నేహితుడు టీచరుగా ఉన్నాడు. "వదినా, ఇప్పుడు రండి. వాన తెరిపిచ్చింది, నీళ్ళు ఇంకా తగ్గలేదు" అని ఆయన ఫోన్ చేశాకే బట్టలు సర్దాం.

రెండు కార్లు. ఒకదాంట్లో మేము, పిల్లలు, మా అత్తమ్మ. ఇంకోదాంట్లో మా ఆడబిడ్డ కుటుంబం. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఈ ప్రయాణంలో ఏ చోటు మంచిది, ఏ బస కుదురుతుంది అని నేను చెప్పేదంతా ఆమె నడవగలిగిందా, లేదా అన్న లెక్కలోనే చెప్తున్నాను. కుర్రాళ్ళు బైకుల మీద పోయేవాళ్ళ లెక్క వేరుగా ఉండొచ్చు.

ఉప్పల్ దాటితే వరంగల్ దాకా దారి గురించి చెప్పడానికేం లేదు. నాలుగు వరుసల రోడ్డు, బీబీనగర్ దగ్గర ఒక టోల్, కోమళ్ళ దగ్గర ఇంకోటి. పొద్దున్నే బయల్దేరితే టిఫిన్ వేళకు హనుమకొండ. అసలు దారి ఆ తర్వాత మొదలవుతుంది. ఆత్మకూరు దాటాక కటాక్షపూర్ చెరువు వస్తుంది. పెద్ద వానలకు ఆ చెరువు మత్తడి (అలుగు) నీళ్ళు జాతీయ రహదారి మీదికే వచ్చి రాకపోకలు ఆగిపోతుంటాయి. మేము పోయినప్పుడు మత్తడి దుంకుతూనే ఉంది కానీ రోడ్డు మీద నీళ్ళు లేవు. ములుగు వైపు పోయేవాళ్ళు బయల్దేరే ముందు ఈ ఒక్క చోటు సంగతి కనుక్కోవాలి. ఇక్కడ ఆగిపోతే మిగతా ప్రయాణమంతా ఆగినట్టే.

ములుగు ముందు గట్టమ్మ గుడి దగ్గర ఆగాం. మేడారం పోయేవాళ్ళు తొలి మొక్కు ఈ తల్లికే చెల్లిస్తారు. మామూలు రోజుల్లో కూడా లారీ డ్రైవర్లు బండి ఆపి కొబ్బరికాయ కొట్టకుండా పోరు. కొబ్బరికాయలమ్మే అవ్వ మా అత్తమ్మను చూసి "పైలంగ పోయి రండ్రి, వాగులు మస్తు పారుతున్నయి" అంది. అత్తమ్మ ఆమె పక్కనే కూర్చుని ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని మాట్లాడుకునేసరికి అరగంట గడిచింది. అలా మధ్యలో ఆగడానికి టైము ఉంచుకోవాలనే ఒక్కరోజు ప్రయాణం పెట్టుకోవద్దంటాను. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున లేచి బొగత చూసి అర్ధరాత్రికి ఇల్లు చేరేవాళ్ళున్నారు. రానుపోను దాదాపు ఆరు వందల కిలోమీటర్లు. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే ఆ పని చేయకండి.

జంగాలపల్లి దగ్గర ఎడమకు తిరిగి పాలంపేట పోయాం. రామప్ప గుడి గురించి తెలియనివాళ్ళు మనలో ఉండరు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నేను చెప్పాలనుకున్నది వానాకాలంలో ఆ గుడి ఎలా ఉంటుందో. ఎర్ర ఇసుకరాయి తడిస్తే రంగు చిక్కబడుతుంది. గోడల మీద సన్నటి ఏనుగుల వరుస ఎండలో కంటే తడిలోనే స్పష్టంగా కనిపించింది. చూరు కింద నల్లరాతి మదనికల (స్త్రీమూర్తుల) మీంచి నీళ్ళు జారి చినుకులు చినుకులుగా పడుతుంటే మా పెద్దమ్మాయి మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూస్తూ నిలబడింది. లోపల గైడు ఫోన్ లైటు వేసి, స్తంభం మీది చెక్కడంలో సూది బెజ్జమంత సందులోంచి వెలుతురు అవతలికి ఎట్లా పోతుందో చూపించాడు. తర్వాత గర్భగుడి ద్వారం పక్కన వేణువూదే బొమ్మ మీద వేలితో మెల్లగా మీటాడు. రాయి పలికింది. పిల్లలు మళ్ళీ మళ్ళీ మీటించారు, ఆయన విసుక్కోలేదు. ఆయన్ని పెట్టుకోకపోతే ఇవేవీ మా కంటపడేవి కావు. గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళ మీద తేలేంత తేలిక అని, పునాదిలో ఇసుక నింపి కట్టారని ఆయన చెప్తుంటే అత్తమ్మ కూడా మోకాళ్ళు మరిచిపోయి ఆవరణంతా ఆయన వెంట తిరిగింది. గైడుకిచ్చే డబ్బులు దండగ అనుకోకండి.

ఒక జాగ్రత్త. చెప్పులు బయటే వదలాలి, తడి బండలు జారతాయి. పెద్దవాళ్ళ చెయ్యి వదలొద్దు. ఓ తువ్వాలు దగ్గర పెట్టుకుంటే కాళ్ళు తుడుచుకోవడానికి పనికొస్తుంది. గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు. అదీ కాకతీయుల కాలం నాటిదే, నిండుకుండలా ఉంది. కట్ట మీద కాసేపు నిలబడి వచ్చేశాం.

అక్కడి నుంచి మళ్ళీ హైవే ఎక్కి, చల్వాయి దగ్గర కుడికి తిరిగితే లక్నవరం. కొండల మధ్య చెరువు, చెరువులో దీవులు, దీవికి వేలాడే వంతెన. సాయంత్రం నాలుగింటికి మబ్బు కొండల దాకా దిగి ఉంది, నీళ్ళేవో మబ్బేదో తేడా తెలియలేదు. పర్యాటక శాఖ కాటేజీలు దీవి మీదే ఉన్నాయి. కొత్తగా పెళ్ళైన జంటకో, చురుగ్గా నడిచే పిల్లలున్న కుటుంబానికో అంతకంటే మంచి చోటు ఈ దారిలో లేదు. కానీ సామాను పట్టుకుని ఊగే వంతెన మీదుగా, వానలో, మోకాళ్ళ నొప్పులున్న మనిషిని నడిపించడం కుదరదని మేము అక్కడ గది తీసుకోలేదు. గాలివాన ఉంటే బోటింగు కూడా ఆపేస్తారు కాబట్టి పడవల మీద ఆశ పెట్టి పిల్లల్ని తీసుకుపోవద్దు.

ఆ రాత్రి హైవే మీద ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. పేరు చెప్పను గానీ ఏం చూసుకోవాలో చెప్తాను. ఫోన్‌లో అడిగినప్పుడు జనరేటర్ ఉందన్నారు. రాత్రి తొమ్మిదింటికి కరెంటు పోయాక తెలిసింది, అది రిసెప్షన్‌కూ మెట్లకూ మాత్రమే. గదిలో ఫ్యాన్ లేదు, తడిబట్టలు ఆరలేదు, గోడల నుంచి చెమ్మ వాసన. వానాకాలంలో గది మాట్లాడేటప్పుడు ఏసీ ఉందా అని అడగడం కన్నా, కరెంటు పోతే గదిలో ఫ్యాన్ తిరుగుతుందా, పొద్దున వేడినీళ్ళు బకెట్లో అయినా ఇస్తారా, కింది అంతస్తులో గది ఉందా అని అడగండి. అక్కడ పనిచేసే కుర్రాడు మాత్రం బంగారం. రాత్రి పదింటికి ఎక్కడినుంచో వేడి నీళ్ళు తెచ్చి, ఫ్లాస్కు నింపి "అమ్మకియ్యండి అక్కా" అని తలుపు దగ్గర పెట్టి పోయాడు.

పొద్దున ఆరింటికే బయల్దేరాం. పస్రా దాటిన దగ్గర్నుంచి తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దాకా అడవి. నాకు ఈ మొత్తం ప్రయాణంలో జలపాతంతో సమానంగా నచ్చింది ఈ దారే. అద్దాలు దించి, పాటలు ఆపేసి, నలభై స్పీడులో వెళ్ళాం. టేకు ఆకుల మీద చినుకుల చప్పుడు కారులోకి వినిపిస్తుంది. ఈ అడవే 2024 ఆగస్టు చివరి రోజున సుడిగాలికి దెబ్బతింది. తాడ్వాయి, మేడారం మధ్య వేలాది చెట్లు వేళ్ళతో సహా కూలిపోయాయి. మిగిలిన అడవిని చూసినా, పోయింది ఎంతో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది. తాడ్వాయిలో అటవీశాఖ గుడిసెలున్నాయి. అడవి మధ్యలో పడుకోవాలనుకునేవాళ్ళు ముందే బుక్ చేసుకుని రావాలి.

ఈ దారిలో కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. రెండు కార్లలో పోయేవాళ్ళు ఎక్కడ కలుసుకోవాలో ముందే చెప్పుకోవాలి. పెట్రోలు ములుగులోనే నింపుకున్నాం. ఆడవాళ్ళకు అసలు ఇబ్బంది బాత్రూములు. ములుగు తర్వాత బాగున్నది అంటూ మాకు దారిలో కనబడలేదు. ఒక బంకులో తాళం వేసి ఉంది. తాళంచెవి అడిగితే "మేనేజర్ దగ్గరుంది" అన్నారు. డెబ్భై ఏళ్ళ మనిషి వాన తుంపర్లో నిలబడి తాళంచెవి కోసం ఎదురుచూడాలా? పర్యాటకం పెరగాలని అందరూ అంటారు, ఆ తాళం తీస్తే సగం పెరుగుతుంది.

ఏటూరునాగారం దాటాక ముళ్ళకట్ట దగ్గర గోదావరి మీద వంతెన. ఈ వంతెన లేనప్పుడు హైదరాబాద్ నుంచి బొగతకు భద్రాచలం చుట్టూ తిరిగి రావలసి వచ్చేది. వంతెన పడ్డాకే ఈ జలపాతం మనకు దగ్గరైంది. వంతెన కింద గోదావరి ఒండ్రుమట్టి రంగులో, ఒడ్డు ఎక్కడుందో తెలియకుండా పారుతోంది. అత్తమ్మ కారు అద్దంలోంచే దండం పెట్టి, ఒక రూపాయి నాణెం పిల్లాడి చేతికిచ్చి వేయించింది.

గేటు దగ్గర మనిషికి, బండికి వేరువేరుగా టికెట్లు. పార్కింగు నుంచి జలపాతం దాకా నడక ఎక్కువ లేదు. ఇక్కడే బొగత నాకు ఆదిలాబాద్ జిల్లాలోని కుంటాల జలపాతం కంటే పెద్దవాళ్ళకు అనువుగా తోచింది. కుంటాల 147 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది, ఆ ఠీవి బొగతకు లేదు. కానీ కుంటాలను కింది నుంచి చూడాలంటే వందల మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. మేము అక్కడికి పోయినప్పుడు అత్తమ్మ పైనే కూర్చుండిపోయింది. బొగత ఎత్తు ముప్పై అడుగులే, అందం వెడల్పులో ఉంది. బండ మీద పరుచుకుని, పాయలు పాయలుగా విడి, మళ్ళీ కలిసి ఒక్కసారిగా గుండంలోకి పడుతుంది. మేము పోయిన రోజు నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి గానీ పాయల మధ్య నల్లబండ అక్కడక్కడా కనిపిస్తోంది. తుంపర మొహాలకు కొడుతుంటే అత్తమ్మ కళ్ళజోడు తీసి కొంగున ముడేసుకుని, రెయిలింగు పట్టుకుని నిలబడింది. "ఇంత సప్పుడా!" అంది.

ఆ రోజు గుండంలోకి ఎవరినీ దిగనివ్వలేదు. తాడు కట్టి ఉంది, అటు ఇటు వాచర్లు విజిల్ పట్టుకుని నిలబడ్డారు. ఎవరో కుర్రాళ్ళు ఫొటో కోసం తాడు దాటబోతే ఒక వాచర్ పరుగున వచ్చి చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. వాళ్ళు కోప్పడ్డారు, అతను మాత్రం గొంతు పెంచలేదు. "పైన వాన పడ్తే ఇక్కడ మీకు తెల్వది అన్నా, నీళ్ళు ఒక్కసారే వస్తయి" అన్నాడు. ఇక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పిల్లల్ని నీళ్ళలో ఆడించాలనుకుంటే నీళ్ళు తేటపడ్డాక, అక్టోబరు తర్వాత రండి. వరద చూడాలనుకుంటే వానాకాలంలో రండి. రెండూ ఒకే రోజు దొరకవు. కోతులు చాలా ఉన్నాయి, చేతిలో తినే వస్తువు కనబడితే లాక్కుపోతాయి.

బయట దుకాణాల్లో బొంగు చికెన్. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వేయరు. బొంగు పైన నల్లగా మాడాక చీల్చి విస్తట్లో వంపితే వెదురు వాసన కలిసిన ఆవిరి లేస్తుంది. ముందు చెప్పి జలపాతానికి పోతే వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. అప్పటికప్పుడు అడిగితే ముక్క సరిగ్గా ఉడకకముందే తీసిస్తారు, పక్కవాళ్ళకు అలాగే అయింది. కారం గట్టిగా వేస్తారు కాబట్టి పిల్లలకు పెరుగు ప్యాకెట్ దగ్గరుంచుకోండి. శాకాహారులకు ఆ చుట్టుపక్కల పెద్దగా ఏమీ దొరకదు. మా ఆడబిడ్డ భర్త మాంసం ముట్టరు, ఆయన పూట ఇంటినుంచి తెచ్చిన పులిహోరతో గడిచింది.

మధ్యాహ్నం రెండున్నరకే తిరుగు ముఖం పట్టాం. పిల్లలు ఇంకాసేపు అన్నారు గానీ, తాడ్వాయి అడవిని చీకటి పడకముందు దాటాలి. రోడ్డు మీద పశువులు పడుకుంటాయి, మలుపుల్లో ఎదుటి లైట్లు పడితే అవి కనబడవు. ఆ రాత్రి హనుమకొండలో ఒక మామూలు హోటల్లో దిగాం. లిఫ్టు ఉంది, పొడి దుప్పట్లు ఇచ్చారు, కరెంటు పోయినట్టు కూడా మాకు తెలియలేదు. పొద్దున పక్క సందులో వేడివేడి సర్వపిండి దొరికింది. ఈ దారిలో పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళు రెండు రాత్రులూ హనుమకొండలోనే ఉండి, ఒకరోజు రామప్ప, లక్నవరం, ఇంకో రోజు తెల్లవారే బొగత పెట్టుకుంటే బాగుంటుంది. బొగత అక్కడి నుంచి 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది, దూరం కొంచెం పెరుగుతుంది కానీ నిద్ర దొరుకుతుంది, అవసరమైతే పెద్ద ఆసుపత్రీ దగ్గర్లో ఉంటుంది. లక్నవరం దీవి మీద ఒక రాత్రి ఉండాలన్న కోరిక నాకు అలాగే ఉంది. దానికి డిసెంబరులో, వంతెన తడి లేనప్పుడు అత్తమ్మను తీసుకునే పోతాం.