రోమ్‌లో పోప్‌ల రాజ్యం ముగిసిన చోట్లు

నాన్న, నేను అక్టోబరులో ఐదు రోజులు రోమ్‌లో ఉన్నాం. వాటికన్ మ్యూజియం, కొలోసియం చూశాం. కానీ నాకు బాగా గుర్తుండిపోయింది పోప్‌ల రాజ్యాధికారాన్ని జనం ఎదిరించిన చోట్లు వెతుక్కుంటూ తిరిగిన ఒకటిన్నర రోజే. వాటిలో దేనికీ టికెట్ లేదు.

ముందు కాంపో దె ఫియోరి అనే కూడలి. పొద్దున్నే కూరగాయలు, పూల సంత. మధ్యలో ముసుగు కప్పుకుని, పుస్తకం మీద చేతులు పెట్టుకున్న జోర్డానో బ్రూనో కంచు విగ్రహం. నక్షత్రాలు కూడా సూర్యుళ్ళేనని, లోకాలకు అంతు లేదని రాసిన సన్యాసి. మతద్రోహమని ఏళ్ళ తరబడి జైల్లో ఉంచి, 1600 ఫిబ్రవరి 17న ఇక్కడే సజీవంగా కాల్చేశారు. 1889లో పోప్ 13వ లియో ఎంత వ్యతిరేకించినా విగ్రహం లేచింది. దిమ్మె చుట్టూ ఇంకొందరి ముఖాలున్నాయి. జెనీవాలో ప్రొటెస్టెంట్లు కాల్చిన సెర్వెటస్‌ను కూడా చెక్కారు. "ఏ చర్చి కాల్చినా ఒకటేనన్నారు, చూడమ్మా" అని నాన్న అక్కడే చాలాసేపు ఆగిపోయారు.

డబ్బిచ్చి పెట్టుకున్న గైడ్ మాత్రం బ్రూనోని శాస్త్రవేత్త అని చెప్పి ముందుకు నడిపించేశాడు. విగ్రహం అప్పుడే ఎలా పెట్టగలిగారని అడిగితే జవాబు లేదు. ఆ డబ్బు దండగ.

జవాబు పోర్తా పియా అనే పాత నగర ద్వారం దగ్గర దొరికింది. తెర్మిని స్టేషన్ నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. 1870 సెప్టెంబరు 20న ఇటలీ సైన్యం ఫిరంగులతో నగర గోడ బద్దలుకొట్టి లోపలికి వచ్చింది. వెయ్యేళ్ళకు పైబడిన పోప్‌ల రాజ్యం ఆ రోజుతో పోయింది. పోప్ 9వ పయస్ వాటికన్‌లోకి వెళ్ళి, తాను బందీనని ప్రకటించుకున్నాడు. ఊరు పోప్ చేతుల్లో లేదు కాబట్టే 1889లో ఆయన వద్దన్నా విగ్రహం ఆగలేదు. ద్వారం చూసి వెనక్కి రాకండి. గోడ పగిలిన చోటు పక్కనే, కోర్సో దితాలియా రోడ్డు మీద ఉంది. వాహనాల రొద ఎక్కువ, కథ తెలియకపోతే ఉత్త గోడే.

1555లో పోప్ 4వ పాల్ యూదులను గోడ కట్టి బంధించిన పేట కాంపోకి దగ్గరే. రోమ్ యూదులకు సమాన హక్కులు నిలకడగా దక్కింది 1870 తర్వాతే. ఇది తప్పకుండా చూడండి.

బసకి వస్తే, కాంపో పక్కన గది వద్దు. అర్ధరాత్రి దాటినా బార్ల గోల, నాన్నకి రెండు రాత్రులు నిద్ర లేదు. తర్వాత ప్రాతిలో తీసుకున్న గది ప్రశాంతంగా ఉంది, మెట్రో దగ్గర. వాటికన్ పక్కనే ఉన్న ఆ పేటలో కూడళ్ళకి కవూర్ (ఇటలీని ఏకం చేసిన నాయకుల్లో ఒకరు), రిసోర్జిమెంతో (ఇటలీ ఏకీకరణ ఉద్యమం) అని కొత్త ఇటలీ రాజ్యం పేర్లే. ఊరి పన్ను హోటల్లో విడిగా కట్టాలి.

చివరి రోజు నాన్న సంతలో పూలు కొని బ్రూనో పాదాల దగ్గర పెట్టారు. ఆదివారం సంత ఉండదు, శనివారంలోపే వెళ్ళండి.