ఆరేళ్లు బ్యాష్ వాడాక: ఒక ఫొటో స్టూడియో అనుభవం

అనంతపురంలో టవర్‌క్లాక్ దగ్గర మాది చిన్న ఫొటో స్టూడియో. ఆరేళ్లుగా షాపు కంప్యూటర్‌లో ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ వాడుతున్నా. కార్డులోంచి ఫొటోలు దించుకోవడం, పేర్లు మార్చడం, రెండో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయడం అన్నీ బ్యాష్ స్క్రిప్టులతోనే. బ్యాష్ అంటే మనం టైప్ చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్, స్క్రిప్ట్ అంటే ఆ కమాండ్లు వరుసగా రాసిపెట్టుకున్న ఫైల్. మూడు వేల ఫొటోలకు పేర్లు మార్చడం మౌస్‌తో తెమిలే పని కాదు, ఇక్కడ నాలుగు లైన్లు రాస్తే టీ తాగొచ్చేలోపు అయిపోతుంది. అందుకే వదల్లేదు.

ఒక్కసారి మాత్రం ప్రాణం పోయినంత పనైంది. 'పెళ్లి పాతవి' అనే ఫోల్డర్ తీసేయడానికి ఆ పేరును వేరియబుల్‌లో (విలువ దాచుకునే డబ్బా లాంటిది) పెట్టి, డబుల్ కోట్స్ లేకుండా, ఫైళ్లు తుడిచేసే ఆర్‌ఎం (rm) కమాండ్‌కి ఇచ్చాను. బ్యాష్ స్పేస్ దగ్గర పేరును రెండు ముక్కలు చేసింది. 'పెళ్లి' అని విడిగా ఇంకో ఫోల్డర్ ఉంది, అందులో ఆ వారమే తీసిన ధర్మవరం పెళ్లి ఫొటోలు. ముందు దాన్ని తుడిచేసి, తర్వాత 'పాతవి' దొరకలేదని చెప్పింది. మా దగ్గర పనిచేసే పిల్లోడు "అన్నా, ధర్మవరం పెళ్లి కనపడ్లేదన్నా" అనేసరికి చేతులు చల్లబడ్డాయి, ఎందుకంటే ఆర్‌ఎం తీసేసింది ట్రాష్‌లోకి పోదు. ముందురోజు రాత్రి రెండో డిస్క్‌లోకి కాపీ అయి ఉండబట్టి బయటపడ్డాం.

వేరియబుల్ చుట్టూ డబుల్ కోట్స్ పెడితే చాలు, ఈ బాధ ఉండదు. ముందు, ఇచ్చినదాన్ని తెరమీద చూపించే ఎకో (echo) కమాండ్‌తో పరీక్షించమని చాలామంది చెప్తారు, కానీ ఇక్కడ అది పనికిరాదు. విడిపోయిన ముక్కల్ని ఎకో మళ్లీ స్పేస్‌తో కలిపి చూపిస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ప్రింట్‌ఎఫ్ (printf) కమాండ్‌తో ఒక్కో ముక్కనూ ఒక్కో లైన్‌లో వేయించి చూడండి. స్క్రిప్ట్ పెద్దదైతే, తప్పులు వెతికే షెల్‌చెక్ ప్రోగ్రామ్‌కి ఇవ్వండి, కోట్స్ లేని చోటల్లా పట్టిస్తుంది. బ్యాష్ లాంటిదే ఇంకో ప్రోగ్రామ్ జెడ్‌షెల్ (zsh) ఉంది, అందులో అయితే వేరియబుల్ మామూలుగా ఇలా విడిపోదు. ఈ ఒక్క విషయంలో అదే నయం.

కంట్రోల్ ఎస్ సంగతి కూడా చెప్పాలి. ఫొటో ఎడిటింగ్‌లో సేవ్ చేసే అలవాటుతో, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ విండోలో కూడా అది నొక్కేస్తాం, స్క్రీన్ బిగుసుకుపోతుంది. హ్యాంగ్ అయిందని సిస్టమ్ ఆపేయకండి. పాత టెలిటైప్ కాలం నుంచి వచ్చిన 'ఆగు' సంకేతం అది, కంట్రోల్ క్యూ నొక్కితే కదులుతుంది. అసలే వద్దనుకుంటే బ్యాష్ సెట్టింగులుండే బ్యాష్‌ఆర్‌సీ (.bashrc) ఫైల్‌లో ఎస్‌టీటీవై (stty) కమాండ్‌తో ఐఎక్స్‌ఓఎన్ (ixon) అనే ఈ సెట్టింగ్‌ను ఆపేయొచ్చు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చిన స్క్రిప్ట్ 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటే లైన్ల చివర మిగిలిన, కంటికి కనిపించని విండోస్ గుర్తే కారణం, డాస్‌టుయూనిక్స్ (dos2unix) కమాండ్‌తో పోతుంది.

తెలుగులో పేర్లు పెట్టేవాళ్లకు ఇంకొకటి. డిస్క్‌లో ఫైళ్లు సర్దడానికి ఉబుంటు మామూలుగా వాడే ఎక్స్‌ట్4 (ext4) పద్ధతిలో ఫైల్ పేరుకు 255 బైట్లే హద్దు. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి, పొల్లు, గుడి, కొమ్ము అన్నీ వేర్వేరు గుర్తులే. 'లక్ష్మి' కంటికి రెండక్షరాలే, లెక్కకు 7 గుర్తులు, 21 బైట్లు. ఇద్దరి పేర్లు, ఊరు, తేదీ, మండపం అన్నీ కలిపి పెట్టినప్పుడు 'ఫైల్ నేమ్ టూ లాంగ్' అని కాపీ మధ్యలో ఆగేది. ఇప్పుడు ఫోల్డర్‌కు తేదీ, ఇంటిపేరు మాత్రమే పెట్టి, మధ్యలో స్పేస్ బదులు అండర్‌స్కోర్ వాడుతున్నాం, మిగతా వివరాలన్నీ లోపల ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసుకుంటున్నాం.